ఫ్రోజెన్ ఎంబ్రియో ట్రాన్స్‌ఫర్: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు, జవాబులు

డాక్టర్ గదిలో అన్నిటికీ తలూపేసి, బయటికి వచ్చాక కారిడార్‌లో నర్సును ఆపి "మేడమ్, ఒక్క డౌటు" అని అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. ఐవీఎఫ్ విభాగంలో ఏళ్ల తరబడి ఆ కారిడార్‌లో నిలబడి జవాబు చెబుతున్న నర్సును నేను. ఐవీఎఫ్ అంటే అండాన్ని, వీర్యకణాన్ని ల్యాబ్‌లో కలిపి ఎంబ్రియోను, అంటే పిండాన్ని తయారు చేయడం. దాన్ని గడ్డకట్టించి దాచి, తర్వాత కరిగించి గర్భాశయంలో పెట్టడమే ఫ్రోజెన్ ఎంబ్రియో ట్రాన్స్‌ఫర్. అడిగే మనుషులు మారుతున్నారు గానీ ప్రశ్నలు మారడం లేదు. అందుకే ఇలా రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి, ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగానే ఉంటుంది. మీ రిపోర్టులు చూసిన డాక్టర్ మీకు వేరేలా చెప్పి ఉంటే మాత్రం ఆ మాటనే పాటించండి.

## ఫ్రీజ్ చేద్దాం అన్న దగ్గర

ఫ్రెష్‌గా పెట్టకుండా ఫ్రీజ్ చేద్దామన్నారు. మా ఎంబ్రియోలు బాగాలేవా?

బాగుంటేనే ఫ్రీజ్ చేస్తారు. ఎదుగుదల ఆగిపోయినవాటిని, బాగా బలహీనంగా ఉన్నవాటిని ల్యాబ్‌లో అసలు ఫ్రీజ్ చేయరు. వాయిదా వేయడానికి కారణం చాలాసార్లు ఎంబ్రియో కాదు, అప్పటికి మీ ఒంటి పరిస్థితి. అండాల కోసం ఇచ్చిన ఇంజెక్షన్లతో ఓవరీలు ఉబ్బి, పొట్టలోకి నీరు చేరే ప్రమాదం కొందరికి ఉంటుంది. దాన్నే ఓహెచ్‌ఎస్‌ఎస్ అంటారు. అలాంటప్పుడు గర్భం వస్తే దానితో వచ్చే హెచ్‌సీజీ హార్మోన్ తోడై పరిస్థితి ఇంకా ముదురుతుంది. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో పీరియడ్స్ క్రమం తప్పే సమస్య) ఉన్నవాళ్లలో ఈ భయం ఎక్కువ. గర్భాశయాన్ని సిద్ధం చేసే ప్రొజెస్టిరాన్ హార్మోన్ ముందే పెరిగిపోవడం, గర్భాశయంలో పాలిప్ (చిన్న కండ) కనిపించడం, జన్యు పరీక్ష రిపోర్టు రావలసి ఉండటం కూడా మామూలు కారణాలే.

గడ్డకట్టిస్తే పాడైపోదా?

నీళ్లు మంచు అయితే వ్యాకోచిస్తాయి, మంచు పలుకులకు వాడి అంచులుంటాయి. కణం లోపల అవి ఏర్పడితే కణం చిట్లిపోతుంది. పాత పద్ధతిలో నెమ్మదిగా చల్లబరిచేవారు, కొన్ని పోయేవి. ఇప్పుడు వాడే విట్రిఫికేషన్‌లో ముందుగా రక్షక ద్రవాలతో కణాల్లోని నీటిని చాలావరకు బయటికి లాగేస్తారు. తర్వాత ఎంబ్రియోను సన్నని స్ట్రా చివర పెట్టి లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచుతారు. నిమిషానికి వేల డిగ్రీల వేగంతో చల్లబడటం వల్ల మంచు పలుకు కట్టే వ్యవధే ఉండదు, లోపలిదంతా గాజులా బిగుసుకుంటుంది. అనుభవమున్న ల్యాబుల్లో ఇలా భద్రపరిచిన బ్లాస్టోసిస్టులు (ఐదు రోజులు ఎదిగిన ఎంబ్రియోలు) నూటికి 90కి పైగా క్షేమంగా బయటికొస్తాయి.

ఎన్నేళ్లు ఉంచొచ్చు? ఆలస్యమైతే బలం తగ్గుతుందా?

మైనస్ 196 డిగ్రీల దగ్గర జీవక్రియ పూర్తిగా ఆగిపోతుంది. అక్కడ ఎంబ్రియోకు వయసు పెరగదు. 1992లో ఫ్రీజ్ చేసిన ఎంబ్రియోలతో 2022లో అమెరికాలో కవలలు పుట్టారు. అయితే ఎన్నేళ్లు ఉంచవచ్చన్నది చట్టం నిర్ణయిస్తుంది, అది దేశాన్ని బట్టి మారుతుంది. సంతకం పెట్టే ముందు కన్సెంట్ ఫారంలో గడువు, రెన్యువల్ తేదీ, ఇద్దరిలో ఒకరికి ఏమైనా అయితే ఎంబ్రియోలను ఏం చేయాలన్న భాగం తప్పకుండా చదవండి. చాలామంది ఆ పేజీ చదవకుండానే తిప్పేస్తారు.

35లో ఫ్రీజ్ చేయించుకున్నాను, ఇప్పుడు 39. ఏ వయసు లెక్క?

అండం తీసిన రోజున మీకున్న వయసే ముఖ్యం. క్రోమోజోముల నాణ్యత ఆ రోజే తేలిపోయింది. గర్భాశయానికి 39 పెద్ద అడ్డంకి కాదు. కానీ గర్భాన్ని మోసే ఒంటికి ఇప్పటి వయసే లెక్క, కాబట్టి బీపీ, షుగర్, థైరాయిడ్ పరీక్షలు ఇప్పటివే చేయించాలి.

రిపోర్టులో 4ఏఏ, 3బీబీ అని ఉంది. మాది పాసా ఫెయిలా?

అవి మార్కులు కావు, మైక్రోస్కోప్ కింద కనిపించిన రూపానికి పెట్టిన గుర్తులు. అంకె బ్లాస్టోసిస్ట్ ఎంత విచ్చుకుందో చెబుతుంది. మొదటి అక్షరం బిడ్డగా మారే లోపలి కణాల గుంపుకు, రెండోది మాయగా మారే బయటి పొరకు. మంచి గ్రేడుకు అవకాశం ఎక్కువన్నది నిజమే. కానీ రూపం చూసి లోపలి క్రోమోజోములను చెప్పలేం. బీబీ గ్రేడుతో పుట్టిన పిల్లలను చాలామందిని ఎత్తుకున్నాను.

మా ఎంబ్రియో వేరేవాళ్లదానితో కలిసిపోతే?

ఈ భయం అడగడానికి మొహమాటపడతారు, పడక్కర్లేదు. ప్రతి స్ట్రా మీద పేర్లు, గుర్తింపు నంబరు, తేదీ ఉంటాయి. తీసేటప్పుడు, కరిగించేటప్పుడు, క్యాథెటర్ అనే సన్నని గొట్టంలోకి ఎక్కించేటప్పుడు ఇద్దరు మనుషులు గానీ, ఒక మనిషితో పాటు ఎలక్ట్రానిక్ వ్యవస్థ గానీ సరిచూడాలి. "మీ దగ్గర ఎలా సరిచూస్తారు?" అని ముందే అడగండి. మంచి ల్యాబ్ ఆ ప్రశ్నకు చిన్నబుచ్చుకోదు, విడమరిచి చెబుతుంది.

ఫ్రెష్ కంటే ఫ్రోజెన్‌లో సక్సెస్ ఎక్కువట కదా?

అందరికీ కాదు. పీసీఓఎస్ ఉన్న 1508 మంది మహిళలతో చైనాలో జరిగిన అధ్యయనం 2016లో వెలువడింది. అందులో ఫ్రోజెన్ వర్గంలో 49.3 శాతం మందికి, ఫ్రెష్ వర్గంలో 42 శాతం మందికి బిడ్డలు పుట్టారు. ఓహెచ్‌ఎస్‌ఎస్ కూడా 7.1 నుంచి 1.3 శాతానికి తగ్గింది. పీసీఓఎస్ లేనివాళ్లతో చైనాలో, వియత్నాంలో చేసిన రెండు అధ్యయనాలు 2018లో వచ్చాయి. వాటిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి "ఫ్రోజెనే బెస్ట్" అని అందరికీ ఒకే మాట చెబుతుంటే, నా విషయంలో ఎందుకు అని అడగండి.

## ట్రాన్స్‌ఫర్‌కు ముందు తయారీ

నేచురల్ సైకిల్, హార్మోన్ సైకిల్ అంటున్నారు. ఏది మంచిది?

నేచురల్ సైకిల్‌లో మీ అండం దానంతట అదే విడుదలయ్యే రోజును స్కాన్లు, రక్త పరీక్షలతో పట్టుకుని దాన్నిబట్టి ట్రాన్స్‌ఫర్ పెడతారు. హార్మోన్ సైకిల్‌లో ఈస్ట్రోజెన్ మాత్రలతో లైనింగ్, అంటే గర్భాశయం లోపలి పొర పెంచి, తర్వాత ప్రొజెస్టిరాన్ ఇస్తారు. రెండో దాంట్లో తేదీ మన చేతిలో ఉంటుంది. పీరియడ్స్ సరిగా రానివాళ్లకు అదే అనువు. గర్భం వచ్చే అవకాశం రెండింటిలో దాదాపు సమానమే.

ఒక తేడా మాత్రం తెలుసుకోవాలి. అండం విడుదలయ్యాక ఓవరీలో కార్పస్ ల్యూటియం అనే చిన్న గ్రంథి ఏర్పడి, గర్భం తొలి వారాల్లో రక్తనాళాలకు మేలు చేసే పదార్థాలను విడుదల చేస్తుంది. హార్మోన్ సైకిల్‌లో అండం విడుదల కాదు, ఆ గ్రంథీ ఉండదు. ఈ పద్ధతిలో గర్భం వచ్చినవాళ్లలో బీపీ పెరిగే ప్రీఎక్లాంప్సియా కొంత ఎక్కువగా కనిపిస్తోంది. అందుకే పీరియడ్స్ క్రమంగా వచ్చేవాళ్లు "నాకు నేచురల్ కుదురుతుందా?" అని అడగడం న్యాయమే అంటాను.

లైనింగ్ ఎంత ఉండాలి? నాది 7.2 దగ్గరే ఆగింది.

7 మిల్లీమీటర్లు దాటితే చాలా క్లినిక్‌లు ముందుకెళ్తాయి. స్కాన్‌లో మూడు గీతల్లా స్పష్టంగా కనిపించడాన్ని మంచి గుర్తుగా చూస్తారు. 7 కంటే 8 మేలు కావచ్చు గానీ, 9 వాళ్ల కంటే 11 వాళ్లకు ఎక్కువ అవకాశం ఉంటుందని కాదు. 7 లోపు ఉండిపోతే మాత్రం మందు మార్చడం, ఇంకొన్ని రోజులు ఆగడం, లోపల అతుకులున్నాయేమో హిస్టరోస్కోపీతో (సన్నని కెమెరా లోపలికి పంపి) చూడటం లాంటివి చేస్తారు. ఎవరి గర్భాశయం తీరు వాళ్లది. 6 మిల్లీమీటర్లతో గర్భం నిలిచినవాళ్లూ ఉన్నారు.

ప్రొజెస్టిరాన్ ఫలానా రోజు, ఫలానా టైమ్‌కే మొదలుపెట్టాలని ఎందుకంత పట్టుబడతారు?

ఈ మొత్తం చికిత్సలో నేను రెండుసార్లు కాగితం మీద రాసి, చదివించి మరీ పంపే విషయం ఇదొక్కటే. గర్భాశయం ఎప్పుడుపడితే అప్పుడు పిండాన్ని అంటుకోనివ్వదు. ప్రొజెస్టిరాన్ తగిలిన క్షణం నుంచి లోపలి పొరలో గడియారం మొదలవుతుంది. కొద్ది రోజులకు ద్వారం తెరుచుకుంటుంది, మళ్లీ మూసుకుంటుంది. మీ ఎంబ్రియో వయసు ఐదు రోజులు. కాబట్టి పొరకు కూడా ఐదు రోజుల ప్రొజెస్టిరాన్ పడి ఉండాలి. అందుకే బ్లాస్టోసిస్ట్‌ను సాధారణంగా ప్రొజెస్టిరాన్ మొదలుపెట్టిన ఆరో రోజున పెడతారు. మూడో రోజు ఎంబ్రియో అయితే ఆ లెక్క తగ్గుతుంది. మీరు ఒక రోజు ముందో వెనకో మొదలుపెడితే ఇద్దరి వయసులూ కలవవు. పొరపాటు జరిగితే దాచకుండా వెంటనే ఫోన్ చేయండి, ట్రాన్స్‌ఫర్‌ను జరపడానికి వీలుంటుంది. భయపడి చెప్పకపోతేనే నష్టం.

రెండు పెడితే ఛాన్స్ డబుల్ అవుతుందా?

కాదు. అవకాశం కొంత పెరుగుతుంది, కవలల అవకాశం చాలా పెరుగుతుంది. కవలలంటే నెలలు నిండకుండా పుట్టడం, తక్కువ బరువు, తల్లికి బీపీ, షుగర్. ఒకేసారి ఇద్దరు పుడితే ఓ పనైపోతుందనే ఆశను అర్థం చేసుకోగలను. కానీ ఇంక్యుబేటర్ల దగ్గర వారాల తరబడి కూర్చున్న తల్లిదండ్రులను చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, మంచి బ్లాస్టోసిస్ట్ ఉంటే ఒకటే పెట్టించుకోండి. రెండోది ట్యాంకులో భద్రంగా ఉంటుంది. ఒకటి పెట్టినా, నూటికి ఒకటి రెండు సందర్భాల్లో అది రెండుగా విడిపోయి కవలలు కావచ్చు.

ఈఆర్‌ఏ టెస్ట్, స్క్రాచింగ్ చేయించమంటున్నారు. తప్పనిసరా?

కాదు. గర్భాశయ పొరను గీకి గాయం చేస్తే పిండం బాగా అంటుకుంటుందని ఒకప్పుడు నమ్మేవారు. 1364 మందితో చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో దానివల్ల లాభం కనిపించలేదు. ట్రాన్స్‌ఫర్‌కు సరైన సమయం చెబుతుందనే ఈఆర్‌ఏ పరీక్ష కూడా అందరికీ మేలు చేస్తుందని రుజువు కాలేదు. అలాగని ఏ పరీక్షా వద్దని కాదు. ట్యూబుల్లో నీరు నిండి ఉంటే దాన్ని ముందు సరిచేయడం, గర్భాశయంలోని పాలిప్ తీసేయడం నిజంగా ఉపయోగపడతాయి.

అంతా మొదలయ్యాక సైకిల్ క్యాన్సిల్ చేశారు. ఇప్పుడెలా?

ఎంబ్రియో ఇంకా ట్యాంకులోనే ఉంది. మీరు పోగొట్టుకున్నది ఒక నెల. ఏడుపు రావడం సహజం, రానివ్వండి. పరిస్థితి అనుకూలంగా లేని నెలలో కరిగించడం కన్నా ఆగడమే ఆ ఎంబ్రియోకు మేలు.

## ట్రాన్స్‌ఫర్ రోజు

నొప్పి ఉంటుందా? మత్తు ఇస్తారా?

చాలామందికి మత్తు అవసరం లేదు. పాప్ స్మియర్ చేయించుకున్నప్పటి ఇబ్బంది లాంటిదే ఉంటుంది, పది పదిహేను నిమిషాల పని. ముందు మీ పేరు, పుట్టిన తేదీ చెప్పమంటారు. కొన్నిచోట్ల ల్యాబ్ స్క్రీన్ మీద మీ ఎంబ్రియోను చూపిస్తారు. ఆవగింజ అడ్డుకొలతలో దాదాపు పదో వంతు ఉంటుంది అది. తర్వాత ల్యాబ్ నిపుణులైన ఎంబ్రియాలజిస్ట్ సన్నని మెత్తటి క్యాథెటర్‌ను రెండు చేతులతో పట్టుకుని, మాట్లాడకుండా నడిచి వస్తారు. డాక్టర్ దాన్ని గర్భాశయం పైకప్పుకు ఒకటి రెండు సెంటీమీటర్ల కింద వరకు పోనిచ్చి చుక్కంత ద్రవాన్ని వదులుతారు. స్కాన్ స్క్రీన్ మీద తెల్లగా తళుక్కుమనే చుక్కను చూసి చాలామంది "అదే నా బిడ్డ" అంటారు. అది ఎంబ్రియోతో పాటు వెళ్లిన గాలి బుడగ, ఎంబ్రియో దాని పక్కనే ఉంటుంది. చివరగా క్యాథెటర్‌ను ల్యాబ్‌కు తీసుకెళ్లి మైక్రోస్కోప్ కింద చూసి, ఎంబ్రియో అందులో మిగిలిపోలేదని తేలితే "క్లియర్" అని కేక వేస్తారు. ఆ కేక వినేవరకు గదిలో ఎవరం కదలం.

మూత్రం ఆపుకుని రమ్మన్నారు. ఎందుకు?

నిండిన మూత్రాశయం వల్ల పొట్టపై స్కాన్‌లో గర్భాశయం స్పష్టంగా కనిపిస్తుంది, ముందుకు వంగిన గర్భాశయం కొంచెం తిన్నగా అవుతుంది. మరీ బిగబట్టి ఏడుపొచ్చేలా అవసరం లేదు. భరించలేకపోతే చెప్పండి, కొంచెం వదిలేసి రమ్మంటారు.

కరిగించినప్పుడు బతక్కపోతే?

అరుదుగా జరుగుతుంది. వెచ్చబరిచే పని నిమిషాల్లో అయిపోతుంది. ఆ తర్వాత ముడుచుకున్న బ్లాస్టోసిస్ట్ కొన్ని గంటల్లో మళ్లీ ఉబ్బడం చూసి నిర్ధారిస్తారు. బతక్కపోతే, మీకు ఇంకా ఎంబ్రియోలుంటే అదే రోజు మరొకటి కరిగిస్తారు. ఇలా జరిగితే మీ అనుమతి ఏమిటో ముందే రాసి ఇవ్వడం మంచిది. ఆ ఉదయం ఫోన్‌లో నిర్ణయం తీసుకోవడం చాలా కష్టం.

లేచి నడిస్తే, బాత్రూమ్‌కెళ్తే, దగ్గితే జారిపోతుందా?

జారిపోదు. ఈ ప్రశ్నకు ఎన్ని వేలసార్లయినా ఇదే జవాబు చెబుతాను. గర్భాశయాన్ని ఖాళీ కుండలా ఊహించుకుంటాం, అందుకే ఈ భయం. నిజానికి దాని ముందు గోడ, వెనక గోడ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఆ రెండు మెత్తటి, జిగట గోడల మధ్య ఎంబ్రియో ఉంటుంది. మూత్రం వచ్చే దారి వేరు, అసలు ఆ దారికీ గర్భాశయానికీ సంబంధమే లేదు. ట్రాన్స్‌ఫర్ అయిన ఐదు నిమిషాలకే ఒకావిడకు తుమ్ము వచ్చింది. వెంటనే రెండు చేతులతో పొట్ట పట్టుకుని నా వైపు చూసింది. ఆ చూపు మర్చిపోలేను. ఆమెకు పాప పుట్టింది.

## ఎదురుచూసే రోజులు

పూర్తిగా బెడ్ రెస్ట్ తీసుకోవాలా?

వద్దు. మంచం మీదే ఉండటం వల్ల గర్భం నిలిచే అవకాశం పెరగదని అధ్యయనాలు చెబుతున్నాయి. ఈస్ట్రోజెన్ మందులు వాడుతూ కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంది. ఇంట్లో పనులు, ఆఫీసు, నడక మామూలే. బరువులెత్తడం, పరుగు, చెమటలు పట్టే వ్యాయామం, బాగా వేడి నీళ్ల స్నానం ఈ కొన్ని రోజులు మానండి. సిగరెట్, మద్యం ఇద్దరూ పూర్తిగా మానేయాలి.

ఏ లక్షణమూ లేదు. ఫెయిలయినట్టేనా?

లక్షణాలను బట్టి ఏమీ చెప్పలేం. రొమ్ముల నొప్పి, పొట్ట ఉబ్బరం, నిద్రమత్తు ప్రొజెస్టిరాన్ వల్ల కూడా వస్తాయి. కాబట్టి అవి ఉంటే గర్భం వచ్చినట్టూ కాదు, లేకపోతే రానట్టూ కాదు.

కొంచెం రక్తం కనిపించింది. మందులు ఆపేయాలా?

ఆపొద్దు. లోపల పెట్టుకునే మందుల రాపిడి వల్ల, పిండం అంటుకునేటప్పుడు, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండా కూడా మరకలు కనిపిస్తాయి. క్లినిక్‌కు ఫోన్ చేసి, పరీక్ష రోజు వరకు అన్నీ కొనసాగించండి. పీరియడ్ వచ్చేసిందనుకుని సొంతంగా మందులు ఆపేసి, తర్వాత టెస్ట్‌లో పాజిటివ్ చూసి కుప్పకూలిన వాళ్లున్నారు. ప్యాడ్ తడిసిపోయేంత రక్తస్రావం, పొట్టలో ఒకవైపు తీవ్రమైన నొప్పి, భుజం నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఒక డోసు మర్చిపోయాను. ఇప్పుడు రెండు వేసుకోనా?

గుర్తొచ్చిన వెంటనే ఆ డోసు వేసుకుని క్లినిక్‌కు చెప్పండి. మీ అంతట మీరు రెట్టింపు వేసుకోవద్దు. ఒక్క డోసు కొన్ని గంటలు ఆలస్యమైతే కొంప మునిగిపోదు. లోపల పెట్టుకున్న మందు తెల్లగా బయటికి కారుతోందని కూడా కంగారు పడుతుంటారు. కారేది మందును మోసుకెళ్లే పదార్థం, లోపలికి చేరాల్సింది చేరుతూనే ఉంటుంది.

ఇంట్లో ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోవచ్చా?

చేసుకోవద్దంటే వినరని తెలుసు. కానీ తొందరపడి నాలుగో రోజో ఐదో రోజో చేస్తే వచ్చే నెగటివ్‌కు అర్థం లేదు, గర్భం హార్మోన్ అయిన హెచ్‌సీజీ ఇంకా మూత్రంలోకి వచ్చి ఉండదు. అండం విడుదలకు హెచ్‌సీజీ ఇంజెక్షన్ తీసుకుని ఉంటే, అదే ఒంట్లో మిగిలి దొంగ పాజిటివ్ కూడా చూపించవచ్చు. బ్లాస్టోసిస్ట్ పెట్టిన 9 నుంచి 14 రోజుల మధ్య మీ క్లినిక్ చెప్పిన రోజున చేసే రక్త పరీక్షే నమ్మదగ్గది.

## రిజల్ట్ వచ్చాక

బీటా హెచ్‌సీజీ (రక్తంలో గర్భం హార్మోన్ పరీక్ష) ఎంత ఉంటే మంచిది?

5 లోపు అయితే నెగటివ్, 25 దాటితే పాజిటివ్, మధ్యలో ఉంటే మళ్లీ చేయాలి. మొదటి అంకె కంటే అది పెరిగే తీరు ముఖ్యం. తొలి రోజుల్లో రెండు మూడు రోజులకోసారి దాదాపు రెట్టింపవ్వాలి. పక్కావిడకు 400 వచ్చింది, నాకు 120 అని పోల్చుకోకండి. గర్భం సరైన చోట ఉందా, గుండె కొట్టుకుంటోందా అన్నది ఆరు ఏడు వారాల స్కాన్‌లో తెలుస్తుంది.

ఇప్పుడు నాకు ఎన్నో వారం?

ఐదో రోజు బ్లాస్టోసిస్ట్ పెట్టిన రోజున మీకు 2 వారాల 5 రోజులు నిండినట్టు లెక్క. ఆ రోజుకు 261 రోజులు కలిపితే డెలివరీ తేదీ వస్తుంది. చివరి పీరియడ్ తేదీతో లెక్క వేయొద్దు, తప్పొస్తుంది. వేరే ఆసుపత్రికి వెళ్తే ట్రాన్స్‌ఫర్ తేదీనే చెప్పండి.

ఈ మందులు ఎప్పటి దాకా?

హార్మోన్ సైకిల్‌లో మీ ఓవరీలు ఏమీ తయారు చేయవు కాబట్టి, మాయ ఆ పని చేతికి తీసుకునేదాకా వాడాలి. సాధారణంగా 10 నుంచి 12 వారాల వరకు. నేచురల్ సైకిల్‌లో ముందే ఆపవచ్చు. ఎప్పుడు, ఎలా ఆపాలో డాక్టరే చెప్పాలి.

ఫ్రీజ్ చేసిన ఎంబ్రియోతో పుట్టే బిడ్డ ఆరోగ్యంగా ఉంటుందా?

ఫ్రోజెన్ ఎంబ్రియోతో తొలి బిడ్డ 1984లో ఆస్ట్రేలియాలో పుట్టింది. అప్పటి నుంచి ప్రపంచమంతటా లక్షల మంది ఇలా పుట్టారు. ఫ్రీజ్ చేయడం వల్ల అవయవ లోపాలు పెరుగుతాయని తేలలేదు. ఈ పిల్లల్లో కొందరు బరువు కాస్త ఎక్కువతో పుడతారు, తల్లికి బీపీ సమస్య కొంచెం ఎక్కువ. చెకప్‌లలో బీపీ, బిడ్డ ఎదుగుదల జాగ్రత్తగా చూసుకుంటే సరిపోతుంది.

నెగటివ్ వచ్చింది. ఆ రోజు మెట్లెక్కాను, ఇంట్లో గొడవపడ్డాను. నా వల్లేనా?

మీ వల్ల కాదు. బయటికి ఎంత చక్కగా కనిపించినా చాలా ఎంబ్రియోల్లో క్రోమోజోముల సంఖ్య తేడాగా ఉంటుంది. వయసుతో పాటు అది పెరుగుతుంది. అలాంటివి అంటుకోవు, అంటుకున్నా ఎదగవు. మెట్లు, స్కూటర్ ప్రయాణం, కన్నీళ్లు, టెన్షన్ ఆ సంఖ్యను మార్చలేవు. "ఆ రోజు నువ్వు అలా చేయకుండా ఉండాల్సింది" అని ఇంట్లో ఎవరైనా అంటే, ఈ జవాబును వాళ్లకు చదివి వినిపించండి. భర్తలు ఈ పని తామే చేస్తే ఇంకా మంచిది.

మళ్లీ ఎప్పుడు ప్రయత్నించవచ్చు?

మందులు ఆపిన కొద్ది రోజులకు పీరియడ్ వస్తుంది. ఒంటి పరంగా చూస్తే చాలామంది ఆ వెంటనే వచ్చే సైకిల్‌లోనే మొదలుపెట్టవచ్చు. గర్భం వచ్చి పోయి ఉంటే హార్మోన్ పూర్తిగా తగ్గేదాకా ఆగాలి. మనసుకు ఎన్ని నెలలు కావాలో మీరే చెప్పాలి. రెండు మూడు మంచి ఎంబ్రియోలు పెట్టినా నిలవకపోతే, అదే పద్ధతి మళ్లీ చేసే ముందు "ఈసారి ఏం మారుస్తున్నారు, ఎందుకు?" అని అడగండి. డాక్టర్ గదిలోకి వెళ్లేటప్పుడు ఈ ప్రశ్న కాగితం మీద రాసుకుని వెళ్లండి. కుర్చీలో కూర్చున్నాక చాలామందికి అది గుర్తురాదు.